బూడిద రంగులో దొరికిన తీగ

బందరులో కోర్టుకి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో నేను పనిచేస్తున్నాను. స్కానర్ మీట నొక్కగానే తెర మీద మూడు మాటలు వస్తాయి: కలర్, గ్రేస్కేల్, బ్లాక్ అండ్ వైట్. వచ్చేవాళ్ళకి మొదటిదీ చివరిదీ మాత్రమే తెలుసు. "బ్లాక్ అండ్ వైట్‌లో తీసెయ్యమ్మా" అంటారు. నిజానికి వాళ్ళకి కావలసింది మధ్యలోది. బ్లాక్ అండ్ వైట్ అంటే ఆ యంత్రానికి రెండే సంగతులు, ఉంది లేదా లేదు. ప్రతి చుక్కా నలుపన్నా కావాలి, తెలుపన్నా కావాలి. వేలిముద్రని అలా తీస్తే సిరా మరక మిగులుతుంది. పాత దస్తావేజు మీద వెలిసిపోయిన సీలుని అలా తీస్తే అసలు సీలే ఉండదు. అదే గ్రేస్కేల్‌లో తీస్తే వేలి గీతలు గీతలుగా, సీలు అక్షరాలు అక్షరాలుగా వస్తాయి. అక్కడ నలుపుకీ తెలుపుకీ మధ్య మెట్లున్నాయి. సున్నా అంటే కటిక నలుపు, రెండు వందల యాభై అయిదు అంటే తెల్ల కాగితం. మధ్యలోవన్నీ బూడిద రంగులే.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. షాపులో చేరిన మొదటి నెలలో ఒక వకీలు గారి గుమాస్తా నేను తీసిచ్చిన కాగితాన్ని వెనక్కి తెచ్చి, "ఇందులో వేలిముద్ర ఏదమ్మా, ఈగని నలిపినట్టుంది" అన్నాడు. షాపు యజమానిని అడిగితే మిషన్ పాతబడిపోయిందన్నారు. ఆ జవాబు నాకు నచ్చలేదు. సాయంత్రం బస్సుకి ఇంకా గంట టైముంటే లైబ్రరీకి వెళ్ళాను. ఫొటోలు తీయడం గురించి అట్ట ఊడిపోయిన తెలుగు పుస్తకం ఒకటి అడుగు అరలో దొరికింది. రీలు కెమెరాల కాలం నాటిది. అందులో కంప్యూటర్ మాటే లేదు. అయినా వెలుతురు మారదు కదా. మనిషి ముఖం ఎన్ని మెట్ల మీద నిలబడుతుందో, ఒక్క మెట్టు తగ్గితే బుగ్గ ఎలా చదునైపోతుందో అందులో చదివాను. మర్నాడు మధ్య మాట నొక్కాను. గుమాస్తా ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసుకుని, ఇంకో నాలుగు కాగితాలు నా ముందు పెట్టాడు.

బడిలో నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. మా నాన్న పెడనలో మగ్గం నేసేవాడు. మా ఇంట్లో పుస్తకమంటే పంచాంగమే. ఆ తర్వాతి చదువంతా లైబ్రరీ బెంచీ మీదే చదువుకున్నాను, ఆ సంగతి గొప్పగానే చెప్పుకుంటాను. అమ్మ చెయ్యి విరిగినప్పుడు ఆస్పత్రిలో ఎక్స్‌రే ఫిల్ము పైకెత్తి, ఎముక తెల్లగా, కండ బూడిదగా, చుట్టూ ఉన్న గాలి నల్లగా ఎందుకున్నాయో డాక్టరు గారికంటే ముందు నేనే చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ నొప్పిలో కూడా, "ఫీజు తీసుకునేది ఆయన, ముందు ఆయన్ని చెప్పనివ్వవే" అంది.

దసరా సెలవులయ్యాక ఒక మధ్యాహ్నం పెద్దావిడ ఒకరు షాపుకి వచ్చారు. ఆవిడది అవనిగడ్డకి అవతల ఉన్న ఊరు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. దిండు గలీబులోంచి ఒక పాత గుడ్డ తీసి, పసిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా నా బల్ల మీద పరిచారు. వాళ్ళ చర్చిలో ప్రభు భోజనానికి రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల మీద పరిచే గుడ్డ అది. చుట్టూ జానెడు అంచు, దాని నిండా ద్రాక్ష తీగ ఉండేదన్నారు. ఎప్పుడో పెడనలోనే అచ్చు వేయించారట. వాళ్ళ అమ్మమ్మా, తోటి కూలి ఆడవాళ్ళూ పూటపూటా అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం పక్కకి తీసి, అలా పోగేసిన బియ్యంతో కొన్న గుడ్డ. ఉప్పెనలో పెట్టెతో సహా నీళ్ళలో నానింది. పెట్టె ఇనుము తుప్పంతా గుడ్డకి పట్టేసింది. ఇప్పుడు అంచు మొత్తం ఎర్రమట్టి పులిమినట్టుంది. అక్కడక్కడ చిల్లులు.

వరి కోతలయ్యాక వాళ్ళ చర్చిలో కోతల పండుగ చేస్తారు. ఈసారి పండుగకి బంగారు రంగు అక్షరాల వెల్వెట్ గుడ్డ పరచాలని సంఘం పెద్దలు నిర్ణయించి విజయవాడ నుంచి తెప్పించేశారు కూడా. పాతదాని లాంటిదే కొత్తది అచ్చు వేయించి తెస్తానని టీచర్ గారు పట్టుబట్టారు. పండుగ నాటికి తెస్తే అది, తేకపోతే వెల్వెట్ అని ఒప్పందం. ఆవిడ నేరుగా పెడన వెళ్ళి అచ్చులు చెక్కే ఆయన్ని కలిశారు. ఆయన గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసి, "గీత కనిపిస్తే చెక్కుతానండీ. కనపడనిది చెక్కితే అది నా డిజైనవుతుంది, మీది కాదు" అన్నారట. గీత కనబడేలా ఎవరన్నా కాగితం మీద తీసిస్తే చూద్దామన్నారు. ఆ మాట పట్టుకుని ఆవిడ నా దగ్గరికి వచ్చారు.

నేను వెంటనే తీసిస్తానన్నాను. గ్రేస్కేల్ తెలిసిన మనిషిని నేనే కదా అనుకున్నాను. అంచుని ముక్కలు ముక్కలుగా స్కాన్ చేసి, పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, ఆ సాయంత్రమే చెక్కే ఆయన ఇంటికి పట్టుకెళ్ళాను. ఆయన మా వీధి చివర ఉంటారు. చుట్టం కాదు, అయినా చిన్నప్పటి నుంచీ మావయ్యా అనే పిలుస్తాను. ఆయన కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏమ్మాయ్, గుడ్డ ఫొటో తెమ్మంటే మబ్బు ఫొటో తెచ్చావేంటి?"

"బాగా చూడండి మావయ్యా, గీతలున్నాయి."

"ఉన్నాయి. మబ్బులో ఏనుగుంది, గుర్రముంది. ఏది చెక్కమంటావు?"

ఇంట్లో వాళ్ళంతా నవ్వారు. నవ్వినా తప్పులేదు. తుప్పు మరక, ఎర్ర రంగు, నల్ల గీత మూడూ కాగితం మీద ఒకే బూడిద రంగులోకి వచ్చి కూర్చున్నాయి. కంటికి వేరుగా కనిపించే రంగుల్ని యంత్రం ఒకే మెట్టు మీదికి ఎలా ఎక్కించింది? ఆ అట్టలేని పుస్తకంలో దానికి జవాబు లేదు.

లైబ్రేరియన్ గారు గుడివాడలో ఇంగ్లిషు పుస్తకాలు ఎక్కువ ఉంటాయన్నారు. లైబ్రరీలకి శుక్రవారం సెలవు, నాకు ఆదివారం సెలవు. అలా కుదరబట్టే నేను ఇంత చదివాను. ఆదివారం పొద్దున్న ప్యాసింజరెక్కి గుడివాడ వెళ్ళి, డిక్షనరీ పక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. జవాబు దొరికింది. రంగు ఫొటోని మామూలుగా బూడిదగా మార్చినప్పుడు యంత్రం మన కంటిని అనుకరిస్తుంది. ఆకుపచ్చ వెలుగుకి పెద్ద వాటా ఇస్తుంది, ఎరుపుకి అందులో సగం కూడా ఇవ్వదు, నీలానికి ఇంకా తక్కువ. అందుకే ఎర్రటివన్నీ నల్లబడిపోతాయి. పాతకాలం ఫొటోగ్రాఫర్లు దీనికి మందు కనిపెట్టారు. కెమెరా ముందు ఎర్రద్దం పెట్టేవారు. ఎర్రద్దంలోంచి చూస్తే ఎర్రటివి తెల్లబడతాయి, నీలాకాశం నల్లబడుతుంది. అంటే బూడిద రంగు అనేది వస్తువులో ఉన్నది కాదు. ఏ వెలుగులోంచి చూశావన్నదాన్ని బట్టి వచ్చేది.

తిరుగు ప్రయాణానికి ముందు స్టేషన్ దగ్గర ఫ్యాన్సీ షాపులో ఎర్ర గాజు కాగితం ఒకటి కొన్నాను. రైల్లో ఎదురు సీటులో ఒకావిడ తెల్ల చుక్కల ఎర్ర చీర కట్టుకుని కూర్చుంది. కాగితం కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాను. చుక్కలు మాయమైపోయాయి. తీశాను, వచ్చాయి. పెట్టాను, పోయాయి. మూడోసారికి ఆవిడ, "ఏమ్మా, నా చీరకేమన్నా అయిందా?" అని అడిగింది. చుక్కలు పోయాయండీ అని కాగితం ఆవిడ చేతికిచ్చాను. నూజెళ్ళ స్టేషను దాటేదాకా పెట్టెలో వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు ఆ చీరనే చూశారు.

కంప్యూటర్‌కి ఎర్రద్దం కూడా అక్కర్లేదు. రంగు ఫొటో అంటే దాని కడుపులో మూడు బూడిద ఫొటోలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి: ఎర్ర వెలుగుది, ఆకుపచ్చ వెలుగుది, నీలి వెలుగుది. సోమవారం మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు అంచుని ఈసారి కలర్‌లో స్కాన్ చేసి, ఎర్ర వెలుగుదాన్ని ఒక్కదాన్నే విడదీసి చూశాను. తుప్పు మరక పల్చని పొగలా తేలిపోయింది. దాని కింద నల్ల గీతలు నిలబడ్డాయి. పెడనలో నల్ల గీతకి వాడే రసం, ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళలో పులియబెట్టి చేస్తారు. అది ఏ వెలుగులోంచి చూసినా నలుపే. దాని పక్కన ఎర్ర రంగు పూర్తిగా తెల్లబడిపోయింది. ఇక ఆకుపచ్చ వెలుగు ఫొటోలో నలుపుతో పాటు ఎరుపు కూడా ముదురుగా వచ్చింది. తుప్పు మసకని పక్కన పెడితే, మొదటిదానిలో లేకుండా రెండోదానిలో ఉన్నదేదో అదే ఎర్ర అచ్చు. రెండు అచ్చులూ రెండు కాగితాల మీద విడివిడిగా వచ్చాయి.

ఈసారి మావయ్య నవ్వలేదు. నల్ల గీతల కాగితాన్ని చాలాసేపు చూశారు. కానీ తల అడ్డంగా ఊపారు. ఇనుము రసానికి ఒక గుణం ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది వేసిన చోట గుడ్డని తినేస్తుంది. కొన్నిచోట్ల గీత ఉండాల్సిన చోట చిల్లుంది.

"తీగ దొరికింది. ఆకు సగమే ఉంది. సగం ఆకు చెక్కితే ఆ టీచర్ గారికి సగం బల్లే కదా నిండేది" అన్నారు.

అప్పటికి పండుగ అయిదు వారాల్లోకి వచ్చేసింది. టీచర్ గారు ఫోన్ చేసినప్పుడల్లా వస్తుందండీ అంటున్నాను. ఎలా వస్తుందో నాకే తెలియదు.

ఆ వారం ఒక పొద్దున్న బస్సు కోసం నడుస్తూ అచ్చుల షెడ్డు ముందు ఆగాను. ఇది చిన్నప్పటి నుంచీ విన్న చప్పుడే. అచ్చు రంగులో అద్దడం, గుడ్డ మీద ఆనించడం, పిడికిలితో ఒక్క గుద్దు. జానెడు జరిగి మళ్ళీ అదే అచ్చు, మళ్ళీ గుద్దు. అక్కడ నిలబడి ఉండగా గుడివాడ పుస్తకం చివరి అధ్యాయం గుర్తొచ్చింది. నక్షత్రాల్ని ఫొటో తీసేవాళ్ళు ఒకే నక్షత్రాన్ని పదేపదే తీసి, అన్ని ఫొటోల బూడిద అంకెల్నీ కలిపి సరాసరి కడతారట. ఒక్కో ఫొటోలో ఒక్కోచోట ఉన్న మచ్చలు సరాసరిలో కరిగిపోతాయి. అన్నిటిలోనూ ఒకేచోట ఉన్నది నక్షత్రం ఒక్కటే కాబట్టి అదే మిగులుతుంది. మరి ఈ అంచు కూడా అంతే కదా. ఒకే అచ్చు జానెడుకోసారి పడింది. చిల్లు ఒక ముద్రలో ఆకు మీద ఉంటే, పక్క ముద్రలో కాయ మీద ఉంటుంది. ఆ అచ్చు వేసినాయన తనకి తెలియకుండానే ఒకే బొమ్మకి అన్ని నకళ్ళు తీసి పెట్టాడు. ఇది నాకు చెప్పిన పుస్తకం ఏదీ లేదు. సగం గుడివాడలో దొరికింది, సగం మా వీధిలోనే ఉంది. ఆ రోజు బస్సు తప్పిపోయింది.

విషయం చెప్పగానే టీచర్ గారు మర్నాడే మొదటి బస్సుకి బందరు వచ్చేశారు. అంచులో ఇరవై మూడు ముద్రలున్నాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చాలి, కానీ పైదాన్ని పూర్తి ముదురుగా పేరిస్తే కిందది కనపడదు. ఎంత పల్చగా పేర్చాలన్నది ప్రశ్న. ఆవిడ నా రఫ్ కాగితం వెనక లెక్క వేశారు. మొదటిది పూర్తిగా, రెండోది సగం, మూడోది మూడో వంతు, నాలుగోది నాలుగో వంతు. అలా వెళ్తే ఇరవై మూడు ముద్రలకీ సమాన వాటా వస్తుంది.

"ముప్పై ఏళ్ళు సరాసరులు చెప్పానమ్మా. ఇదెందుకు పనికొస్తుంది టీచర్ అని అడగని బ్యాచి లేదు" అన్నారు ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"ఏమని చెప్పేవారండీ?"

"పరీక్షకి పనికొస్తుందని చెప్పేదాన్ని."

నల్ల గీతకీ ఎర్ర అచ్చుకీ కలిపి రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాం. ఒక్కో ముద్రని జరిపి, కొంచెం తిప్పి, తీగ మీద తీగ పడేలా ఆనించాలి. ఆరో ముద్రకి చిల్లులు మాసిపోవడం మొదలైంది. పన్నెండుకి ఆకు అంచులు మూసుకున్నాయి. ఇరవై మూడోది పేర్చాక ఒక చివరి పని చేశాను. గీతలన్నీ మధ్య మెట్ల మీదే గుంపుగా ఉన్నాయి. వాటిని సాగదీసి, అన్నిటికంటే ముదురుని సున్నాకి, అన్నిటికంటే లేతని రెండు వందల యాభై అయిదుకి లాగాను. తెర మీద జానెడు తీగ నిలబడింది. కొసలు చుట్టుకున్న నులితీగలు, ఆకులో ఈనెలు, గుత్తిలో కాయలు, అన్నీ నిన్ననే గీసినట్టున్నాయి. టీచర్ గారు తెరకి వేలు తగిలించకుండా ఆ గీత వెంట గాలిలో వేలు నడిపారు. కాగితాలు పట్టుకుని నిలబడ్డ గుమాస్తాలు ఇద్దరు పని మర్చిపోయి తెర వైపు వంగారు.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసే మావయ్య దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితాన్ని దగ్గరగా చూశారు, దూరంగా చూశారు, తలకిందులు చేసి చూశారు. తర్వాత నన్ను వదిలేసి ఆవిడని అడిగారు.

"ఇది ద్రాక్ష తీగని ఎవరు చెప్పారండీ?"

మా అమ్మమ్మ చెప్పిందన్నారు ఆవిడ. అప్పటి పాస్టరు గారు ద్రాక్ష తీగ వెయ్యమని పెడనకి కబురు చేశారట. బైబిలు వాక్యంలో ద్రాక్షావల్లి ఉంది కదా అన్నారు.

"ఆయన చెప్పే ఉంటారు. చెక్కినాయన ద్రాక్ష మొహం చూసుండడండీ. ఇది కాకరాకు. ఈ చీలికలు చూడండి, ఈ నులితీగ చూడండి. గుత్తేమో ఈత గెల. ఆకు అరచెయ్యిలా ఉంటుంది, కాయలు గుత్తులుగా కాస్తాయి అని ఎవరో చెబితే పాపం తనకి తెలిసినవి తెచ్చి అతికించాడు."

అంతవరకూ మాకిద్దరికీ అది తట్టలేదు. ద్రాక్ష అనుకుని చూశాం, ద్రాక్షే కనిపించింది. ఇప్పుడు చూస్తే కాకరాకే. మావయ్య గొంతు తగ్గించి, కావాలంటే సరిచేసి చెక్కుతానన్నారు. ఇప్పుడు తోపుడు బండి మీద ద్రాక్షలు అమ్ముతున్నారు, ఎదురుగా పెట్టుకుని అచ్చంగా చెక్కేస్తాను, పెద్దల ముందు మాట పడక్కర్లేదు అన్నారు. ఆయన మంచికే అన్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు. అది ఒక చోట జరిగిన పొరపాటు కాదు, ఇరవై మూడు ముద్రల్లోనూ ఉన్న ఆకు. దాన్ని బయటికి తీయడానికే కదా ఇంత పని చేసింది. కానీ గుడ్డ ఆవిడది, మాట పడేదీ ఆవిడే. నిర్ణయం ఆవిడకే వదిలేశాను.

ఆవిడ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నారు.

"వద్దండీ. పిడికెడు బియ్యం తీసి వాళ్ళు కొనుక్కున్నది ఈ కాకర తీగనే. దీన్ని చూస్తూనే ప్రార్థన చేసుకున్నారు. ఉన్నది ఉన్నట్టు చెక్కండి" అన్నారు.

మావయ్య మర్నాడే టేకు దిమ్మ తీశారు. పన్నెండు రోజుల్లో రెండు అచ్చులూ అయిపోయాయి. నల్ల గీతది ఒకటి, ఎరుపుది ఒకటి. నేను పొద్దున్నా సాయంత్రం వెళ్ళి చూసేదాన్ని. ఈనె సన్నబడిన ప్రతిచోటా నా కాగితాన్ని అడిగి మరీ చెక్కారాయన. షెడ్డులో అచ్చు వేసిన రోజు టీచర్ గారు బెంగపడ్డారు. ఎర్ర అచ్చుకి పటిక జిగురు వాడతారు. అది గుడ్డ మీద పడ్డప్పుడు ఎర్రగా ఉండదు, తడి మరకలా ఉంటుంది. నల్ల గీత కూడా అప్పటికి మట్టి రంగే. గుడ్డని కాలవలో ఝాడించి, చెట్టు వేళ్ళ నుంచి తీసిన రంగు కలిపిన రాగి కాగులో వేసి ఉడికించారు. కర్రతో పైకి లేపినప్పుడల్లా ఒక్కో మెట్టు ముదిరింది. చివరికి ఎత్తి నీళ్ళలో ముంచి దండెం మీద ఆరేస్తే ఎర్రటి ఈత గుత్తులు, నల్లటి కాకర గీతలు ఎండలో మెరిశాయి. మావయ్య పాత గుడ్డని పక్కన పట్టుకుని జానలు కొలిచి చూసుకున్నారు. ఎక్కడా నూలుపోగంత తేడా లేదు. "అమ్మాయ్, నీ మబ్బు వర్షించింది" అన్నారు.

కోతల పండుగ నాడు నేనూ మావయ్యా బస్సులో అవనిగడ్డ వెళ్ళి, అక్కడ ఆటో ఎక్కాం. చర్చి నిండా వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, కోళ్ళు. ముందు బల్ల మీద కొత్త గుడ్డ పరిచి ఉంది. వెల్వెట్ గుడ్డ ప్లాస్టిక్ కవరులో పక్క కుర్చీ మీద సిద్ధంగా ఉంది. దాన్ని తెప్పించిన సంఘం పెద్ద గారు ఆరాధన మొదలవకముందే వచ్చి, వంగి అంచుని పరీక్షగా చూశారు.

"ఇది ద్రాక్ష కాదు కదమ్మా" అన్నారు.

"కాదండీ. కాకర తీగ. మొదట్నించీ అదే" అన్నారు టీచర్ గారు. గుడ్డ కొన్న సంగతి, ద్రాక్ష చూడని మనిషి తీగ గీసిన సంగతి, ఇరవై మూడు ముద్రలు కలిపిన సంగతి అక్కడే నిలబడి, బడిలో పాఠం చెప్పినట్టు చెప్పారు. చివర్లో నా వైపు చెయ్యి చూపించి, "ఈ అమ్మాయి లైబ్రరీలో చదువుకుని తీసింది" అన్నారు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు లేచి వచ్చేశారు. ఒకావిడ అంచు మీద చెయ్యి వేసి నిమిరి, "మా దడి మీద తీగేనే ఇది, రోజూ నీళ్ళు పోస్తాను" అంది. పక్కనావిడ ఈత గెలని గుర్తుపట్టి నవ్వింది. ఆ నవ్వు వెనక బెంచీల దాకా పాకింది.

పెద్ద గారు ఇంకోసారి వంగి చూశారు. ఆయన కూడా ఆకు మీద వేలు పెట్టారు. తర్వాత వెల్వెట్ కవరు తీసి పక్కనున్నాయన చేతికిచ్చి, "బీరువాలో పెట్టెయ్యండి. ఇదే ఉంచుదాం" అన్నారు.

ఆడవాళ్ళు రొట్టె పళ్ళెం తెచ్చి ఆ గుడ్డ మధ్యలో పెట్టారు. అంచు మీద మడత పడిన చోట టీచర్ గారు అరచేత్తో సాఫు చేశారు. నేను వెనక బెంచీలో మావయ్య పక్కన కూర్చున్నాను. పాటలో సగం మాటలు నాకు తెలియవు. అయినా గట్టిగానే పాడాను.